బండి పాతదైందని ఆయిల్ చిక్కగా పోయాలా?

పోయిన సంచికలో పాత కార్ల సర్వీసింగ్ గురించి రెండు ముక్కలు రాస్తే, ఈ నెల వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంజన్ ఆయిల్ ఏ గ్రేడు వాడాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. బ్రేకులు, బ్యాటరీల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

నమస్కారం సార్. మాది 2003 మోడల్ మారుతి 800. లక్షా ముప్పై ఐదు వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారు కొన్న బండి, అమ్మే ఉద్దేశం లేదు. ఇన్నాళ్లూ 15డబ్ల్యూ-40 పోయిస్తున్నాం, కారుతో వచ్చిన పుస్తకంలోని పట్టికలో కూడా అది ఉంది. ఈసారి మెకానిక్ "బండికి ఇరవై ఏళ్లు దాటాయన్నా, ఇక 20డబ్ల్యూ-50 పోయాల్సిందే" అన్నాడు. స్పేర్ పార్టుల షాపాయనేమో 5డబ్ల్యూ-30 సింథటిక్ పోస్తే ఇంజన్ కొత్తదానిలా అయిపోతుందన్నాడు. పొగ లేదు, ఆయిల్ లైటు వెలగదు, మైలేజీ ఎప్పటిలాగే ఉంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
*– ఒక పాఠకుడు, నల్లగొండ*

ఇద్దరి మాటా వద్దు. 15డబ్ల్యూ-40తోనే ఉండండి. పొగ లేదు, లైటు లేదు, మైలేజీ తగ్గలేదు అని మీరే రాశారు కదా, అంటే ఆ ఇంజన్ ఆ ఆయిల్‌తో హాయిగా ఉందన్నమాట. క్యాలెండర్ చూసి ఆయిల్ మార్చే పద్ధతి మన షెడ్లలో ఎప్పుడు మొదలైందో గానీ, దానివల్ల బాగున్న ఇంజన్లు కూడా అనవసరంగా ఇబ్బంది పడుతున్నాయి. ఆయిల్ గ్రేడు మార్చాలా వద్దా అన్నది బండి వయసును బట్టి ఉండదు, లోపలి అరుగుదలను బట్టి ఉంటుంది. ఆ అరుగుదలను కొలవొచ్చు. అదెలాగో చెప్పే ముందు డబ్బా మీది అంకెల సంగతి చూద్దాం, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే పుడుతోంది.

డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర. మన దగ్గర లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకున్న రోజు కూడా చలి సున్నా దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మనకు మొదటి అంకె వల్ల బండి స్టార్ట్ కాకపోవడమంటూ ఉండదు. రెండో అంకె వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కదనం మిగిలిందో చెప్పేది. సెంటీస్టోక్స్ అనే కొలతలో చూస్తే 30 గ్రేడుకు 9.3 నుంచి 12.5 లోపు, 40కి 12.5 నుంచి 16.3 లోపు, 50కి 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 15డబ్ల్యూ-40 అంటే చల్లగా ఉన్నప్పుడు పలుచగా ఉండి వేడెక్కితే చిక్కబడుతుంది అనుకుంటారు. అలాంటి ఆయిల్ లేదు. బెల్లం పాకం పొయ్యి మీద జారుతుంది, దించాక బిగుస్తుంది, ఏ ఆయిలైనా అంతే. మీరు పోస్తున్న 15డబ్ల్యూ-40 మామూలు గది వేడిలో కన్నా ఇంకొంచెం ఎక్కువగా, 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోక్స్ ఉంటుంది, ఇంజన్ వేడెక్కాక 14కో 15కో దిగుతుంది. 20డబ్ల్యూ-50 అయితే అదే 40 డిగ్రీల దగ్గర 150 దాటుతుంది. 5డబ్ల్యూ-30 అరవై చిల్లర. అంటే పొద్దున్నే తాళం తిప్పినప్పుడు ఏ ఆయిలైనా ఉండాల్సినదానికన్నా చిక్కగానే ఉంటుంది, 20డబ్ల్యూ-50 మరీ చిక్కగా ఉంటుంది. క్రాంక్ బేరింగుకూ షాఫ్టుకూ మధ్య ఖాళీ తల వెంట్రుక మందం కన్నా తక్కువే. కింద ఆయిల్ నిలిచే చాంబర్‌లోంచి పంపు లాగి, ఫిల్టర్ దాటించి, పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ దాకా ఆయిల్ చేర్చడానికి పట్టే ఆ మొదటి కొన్ని సెకన్లలోనే ఇంజన్‌కు ఎక్కువ అరుగుదల జరుగుతుంది, చిక్కటి ఆయిల్ ఆ ఆలస్యాన్ని పెంచుతుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి ఈ నష్టం రోజూ ఉంటుంది.

"మన ఎండలకు చిక్కటిదే ఉండాలి" అన్న మాట కూడా సగమే నిజం. థర్మోస్టాట్, రేడియేటర్ సరిగ్గా ఉంటే రామగుండంలో మే నెలైనా డిసెంబరైనా కూలెంట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే తిరుగుతుంది. ఆయిల్ వేడి పెరిగేది ఎక్కువగా ఏసీ వేసుకుని నలుగురితో ఘాట్ ఎక్కినప్పుడు, హైవే మీద గంటల తరబడి గట్టిగా తొక్కినప్పుడు. మన వాతావరణానికి 40 గ్రేడు ఆ బరువు మోస్తుంది.

ఇక షాపాయన చెప్పిన 5డబ్ల్యూ-30. సింథటిక్, అంటే రసాయన ప్రక్రియలతో తయారుచేసిన ఆయిల్, మంచిదే, దానికి వంక పెట్టడం లేదు. కానీ వేడి మీద అది 40 కన్నా పలుచన. లక్షా ముప్పై వేలు తిరిగిన ఇంజన్‌లో బేరింగులు, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు కొంచెమైనా అరిగి ఉంటాయి, ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజన్ మాత్రం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) ఆయిల్ ప్రెషర్ తగ్గొచ్చు, ఆయిల్ కాలిపోవడం పెరగొచ్చు. సింథటిక్ కావాలనుకుంటే 15డబ్ల్యూ-40లో సెమీ సింథటిక్‌గానీ, 10డబ్ల్యూ-40గానీ చూడండి, వేడి మీద చిక్కదనం మారదు, పొద్దున్నపూట ఇంకాస్త తొందరగా పైకి చేరుతుంది. డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యత గుర్తు ఎస్‌ఎల్ నుంచి పైకి ఏదైనా మీ బండికి చాలు, ఎస్‌ఎన్ దొరికితే మరీ మంచిది.

ఇప్పుడు కొలవడం. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. పై గీత దాకా పోయించి మీటర్ రీడింగ్ రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పై గీతకు రావడానికి ఎంత పట్టిందో కొలగ్లాసుతో పోయండి. 200 మిల్లీలీటర్ల లోపైతే ఆ వయసు ఇంజన్‌కు నేను మంచి మార్కులే వేస్తాను. 300, 400 వైపు వెళుతుంటే, లీకేజీ ఏదీ లేదని తేలాక, అప్పుడు ఒక్క మెట్టు పైకి, అంటే 20డబ్ల్యూ-50కి వెళ్లి మళ్లీ అదే కొలత తీయండి. తగ్గితే ఉంచండి. తగ్గకపోతే వెనక్కి వచ్చేయండి, అది ఆయిల్‌తో పోయే రోగం కాదు. మీ ఇంజన్‌లో పట్టేదే మూడు లీటర్లకు అటూ ఇటూ. అందులో లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టే, మరిచిపోవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో 1998 జెన్ ఉండేది. టాపెట్ సౌండ్, అంటే వాల్వుల దగ్గర టకటక చప్పుడు, వస్తోందని షెడ్‌కు తీసుకెళితే చిక్కటి ఆయిల్ పోసి పంపారు. సౌండ్ నిజంగానే తగ్గింది. మూడు నెలల తర్వాత పికప్ పడిపోయింది, మైలేజీ లీటరుకు రెండు కిలోమీటర్లు తగ్గింది, సౌండ్ మళ్లీ మొదలైంది. వేరే పెద్దాయన దగ్గరికి వెళ్తే వాల్వ్ కవర్ విప్పి, సన్నటి రేకులుండే ఫీలర్ గేజ్ పెట్టి, వాల్వుల దగ్గరి ఖాళీలు (క్లియరెన్సులు) సరిచేసి గంటలో పంపించాడు. ఆయిల్ కూడా పాత గ్రేడుకే మార్చాడు. చిక్కటి ఆయిల్ ఆ మూడు నెలలూ చేసిన పనల్లా జబ్బు వినపడకుండా చేయడమే.

మా 2006 శాంత్రో పొద్దున స్టార్ట్ చేయగానే వెనక నుంచి నీలం పొగ గుప్పుమని వస్తుంది, ఒక నిమిషంలో పోతుంది. తర్వాత రోజంతా ఏమీ ఉండదు. "ఇంజన్ బోర్‌కి వచ్చింది, అప్పటిదాకా చిక్కటి ఆయిల్‌తో నెట్టుకురండి" అంటున్నారు. బోర్ చేయించాలా?
*– ఒక పాఠకురాలు, గుంటూరు*

అమ్మా, తొందరపడి బోర్ పని (అరిగిన సిలిండర్ లోపలి గోడలను సరిచేసే పని) కోసం ఇంజన్ విప్పించకండి. మీరు రాసిన లక్షణం వాల్వ్ సీల్స్‌ది, అంటే వాల్వుల కాడల చుట్టూ ఆయిల్ కిందికి జారకుండా ఆపే రబ్బరు ముక్కలది. రాత్రంతా బండి ఆగి ఉన్నప్పుడు గట్టిపడిన రబ్బరు సీల్స్ పక్కనుంచి ఆయిల్ బొట్టు బొట్టుగా కిందికి దిగుతుంది, పొద్దున అది కాలి పొగ వస్తుంది, అయిపోగానే ఆగిపోతుంది. రింగులు పోయిన ఇంజన్ అయితే ఎత్తు ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పొగ వదులుతూనే ఉంటుంది. రూఢి చేసుకోవడానికి కంప్రెషన్ టెస్ట్ అడగండి, ప్రతి సిలిండర్‌కూ గేజ్ పెట్టి చూస్తారు. నాలుగింట్లోనూ రీడింగ్ దగ్గర దగ్గరగా, సరిపడా ఉంటే మీ బోర్ బాగుంది. వాల్వ్ సీల్స్ మార్చడానికి అయ్యే ఖర్చు బోర్ పనితో పోలిస్తే చాలా తక్కువ, చేయి తిరిగిన మెకానిక్ అయితే హెడ్ దించకుండా కూడా మారుస్తాడు.

చిక్కటి ఆయిల్‌తో పొద్దుటి పొగ కొద్దిగా తగ్గొచ్చు, గట్టిపడిన రబ్బరు మాత్రం మళ్లీ మెత్తబడదు. పొగ తెల్లగా ఉండి, తియ్యటి వాసన వేస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అది వేరే కథ, హెడ్ గ్యాస్కెట్ చూపించుకోవాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే బండి నడపడమే ఆపేయండి.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ క్యాన్ బొమ్మ ఉన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. కదిలితే ఆరిపోతుంది. ఇంకో గ్రేడు చిక్కటి ఆయిల్ పోస్తే చాలు అంటున్నారు. వారం నుంచి అలాగే తిప్పుతున్నాను.
*– ఒక పాఠకుడు, వరంగల్*

దయచేసి ఇక తిప్పకండి. ఆ లైటు ఆయిల్ మట్టం తగ్గిందని చెప్పేది కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. డ్యాష్‌బోర్డు మీద అంతకన్నా పెద్ద హెచ్చరిక లేదు. బండి నడుస్తుండగా అది నిలకడగా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి, ఇంటికి ఇంకో కిలోమీటరేగా అనుకోకూడదు. బేరింగులు పట్టేయడానికి ఆ కిలోమీటరు చాలు.

ముందు డిప్‌స్టిక్ చూడండి. చాలాసార్లు ఆయిల్ తగ్గిపోవడమే కారణం. మట్టం సరిగ్గా ఉంటే ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ప్రెషర్ ఎంత ఉందో చూడమనండి. గేజ్ మంచి రీడింగ్ చూపిస్తే స్విచ్ పోయినట్టు, చిన్న ఖర్చుతో వదిలిపోతుంది. నిజంగానే తక్కువుంటే చాంబర్ దించి పంపు జాలీ మూసుకుపోయిందేమో, పంపు అరిగిందేమో, బేరింగుల సంగతేంటో చూడాలి. ఇవేవీ చూడకుండా చిక్కటి ఆయిల్ పోస్తే లైటు ఆరిపోతుంది, లోపల అరుగుతున్నది అరుగుతూనే ఉంటుంది, ఈసారి చెప్పడానికి లైటు కూడా ఉండదు.

బైకు సర్వీసింగ్‌లో మిగిలిన 20డబ్ల్యూ-40 ఆయిల్ లీటరు ఉంది. కారులో పోయొచ్చా? కారుది బైకులో?
*– ఒక పాఠకుడు, కరీంనగర్*

దారిలో కారు ఆయిల్ తగ్గి ఇంకేమీ దొరకనప్పుడు అర లీటరు పోసుకుంటే ఏమీ కాదు. ఏపీఐ గుర్తున్న ఆయిల్స్ ఒకదాంతో ఒకటి కలిసేలాగే చేస్తారు. కానీ కారు సర్వీసింగ్ మొత్తం బైకు ఆయిల్‌తో కానివ్వొద్దు. బైకు ఆయిల్స్‌లో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండొచ్చు, అలాంటి ఆయిల్ కాలుతూ పోతే సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విష వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ నెమ్మదిగా పాడవుతుంది.

రెండోది మాత్రం అస్సలు చేయొద్దు. గేర్ల బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. పలుచటి కారు ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి క్లచ్ ప్లేట్ల మీద చేరితే క్లచ్ జారిపోతుంది. బైకుకు డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నదే కొనండి.

తాతగారి 1984 అంబాసిడర్ పెట్రోల్ బండి ఉంది. పండగలకు, పెళ్లిళ్లకు తీస్తాం, ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగదు. హైదరాబాద్‌లో ఉండే మా బావగారు ఖరీదైన 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ తెచ్చి ఇచ్చారు. పోయించమంటారా?
*– ఒక పాఠకుడు, విజయనగరం*

బావగారి ప్రేమకు నమస్కారం, ఆ డబ్బా మాత్రం ఇంట్లో కొత్త కారుకు వాడుకోండి, దాని పుస్తకంలో ఆ గ్రేడు ఉంటే. మీ అంబాసిడర్‌కు మంచి మినరల్ (ముడిచమురును శుద్ధి చేసి తీసిన మామూలు ఆయిల్) 20డబ్ల్యూ-50 పోయండి. నల్లగొండ పాఠకుడికి వద్దన్నదే మీకెందుకు చెబుతున్నానంటే, ఇంజన్ వేరు. ఇది 1489 సీసీ పుష్‌రాడ్ (కింద ఉన్న క్యామ్ పొడవాటి కడ్డీలతో పైనున్న వాల్వులను తెరిచే) ఇంజన్, దీని పుట్టుక 1950ల బ్రిటన్‌లో. అప్పటి చిక్కటి ఆయిల్స్‌ను దృష్టిలో పెట్టుకుని లోపలి ఖాళీలు పెట్టిన డిజైన్.

ఇంకో కారణం ఉంది. ఇందులో క్యామ్ నేరుగా చదునైన టాపెట్ అడుగును రాసుకుంటూ తిరుగుతుంది, ఆ చోట ఒత్తిడి చాలా ఎక్కువ. అక్కడ లోహాన్ని కాపాడేది ఆయిల్‌లో కలిపే జింకు, ఫాస్ఫరస్‌ల మందు. కొత్త పెట్రోల్ కార్ల కోసం చేసే 20, 30 గ్రేడు ఆయిల్స్‌లో కన్వర్టర్ పాడవకుండా ఫాస్ఫరస్‌ను 0.08 శాతం దాటనివ్వరు. 20డబ్ల్యూ-50 లాంటి గ్రేడులకు ఏపీఐలో ఆ హద్దు లేదు.

పాతకాలం ఆయిల్స్ అంటే గుర్తొచ్చింది, విమానాలకూ పందేల కార్లకూ తొలిరోజుల్లో ఆముదం పోసేవారు, మన పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే ఆ ఆముదమే. చిక్కదనం, జారుడు రెండూ గొప్పగా ఉండేవి గానీ కాలితే జిగురు కట్టేది. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా 1909లో ఆ క్యాస్టర్ లోంచి వచ్చిందే.

మీ బండికి అసలు ప్రమాదం గ్రేడు కన్నా ఊరికే నిలబడి ఉండటం. రెండు వారాలకోసారి ఐదు నిమిషాలు ఐడిల్‌లో పెట్టి ఆపేయడం మంచి అలవాటు కాదు. ఆయిల్ వేడెక్కదు, తేమ, కాలని పెట్రోల్ అందులోనే మిగిలిపోతాయి. తీసినప్పుడు అరగంటైనా రోడ్డు మీద నడపండి. కిలోమీటర్లతో పని లేకుండా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. ఎన్నో ఏళ్లు సర్వీసింగ్ లేకుండా ఉన్న బండయితే ఫ్లషింగ్ మందులు పోయించొద్దు, పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడొచ్చి పంపు జాలీకి అడ్డం పడుతుంది. దానికి బదులు వెయ్యి కిలోమీటర్లకే ఓసారి ఆయిల్ మార్చండి, నెమ్మదిగా అదే శుభ్రపడుతుంది.

అమెరికాలో మిన్నెసోటాలో ఉంటున్నాం. 2005 కొరోల్లా, లక్షా ఎనభై వేల మైళ్లు. పుస్తకంలో 5డబ్ల్యూ-30. ఊళ్లో నాన్న "పాత బండికి 20డబ్ల్యూ-50 పోయించు" అని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతున్నారు.

నాన్నగారికి నా మాటగా చెప్పండి, విజయవాడలో నడిచే సలహా మీ జనవరిలో నడవదు. అక్కడ మైనస్ 25, అంతకన్నా కిందికి దిగే పొద్దులుంటాయి. 20డబ్ల్యూ ఆయిల్ పంపు లాగగలిగే హద్దే మైనస్ 20. ఇంజన్ తిరిగినా పైకి ఆయిల్ చేరకపోతే అంతకన్నా నష్టం లేదు. 5డబ్ల్యూ-30 సింథటిక్‌తోనే ఉండండి. ఆయిల్ తగ్గుతోందనిపిస్తే అక్కడ అదే గ్రేడులో "హై మైలేజ్" అని రాసి అమ్ముతారు, పాత సీల్స్‌కు పనికొచ్చే మందులు అందులో ఉంటాయి, గ్రేడు మార్చే ముందు అది వాడి చూడండి.

ఆయిల్ మార్చిన వెయ్యి కిలోమీటర్లకే నల్లబడింది. డూప్లికేట్ ఆయిలా?
*– ఒక పాఠకుడు, అనంతపురం*

నల్లబడినంత మాత్రాన డూప్లికేట్ కాదు. లోపలి మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ పనే, పాత ఇంజన్‌లో అది తొందరగా నల్లబడుతుంది. డీజిల్ బండిలో అయితే వందల కిలోమీటర్లలోనే అయిపోతుంది.

కానీ డూప్లికేట్ భయం ఉండాల్సిందే. డ్రమ్ములోంచి పట్టి పోసే లూజు ఆయిల్ వద్దు. మీరే బిల్లుతో డబ్బా కొని, సీలు, తయారీ తేదీ చూసుకుని, మీ కళ్ల ముందు మూత తీయించండి. పని అయ్యాక ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో రెండు చిల్లులు పొడిచి, లేబుల్ అడ్డంగా కోసి పడేయండి. మంచి స్థితిలో ఉన్న ఖాళీ డబ్బాలే మళ్లీ నింపి అమ్మేవాళ్ల చేతికి వెళుతుంటాయి. తీసిన పాత ఆయిల్‌ను మాత్రం కాలువలో పోయనివ్వకండి, షెడ్‌లో డ్రమ్ము ఉంటే అందులో పోయించండి, దాన్ని కొనేవాళ్లు ఉంటారు.